సైటుకెళ్లే బండికి స్టీలు రిమ్మా, అల్లాయా?

అమెరికాలో మనవాళ్లంటే కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లే అనుకుంటారు. సివిల్, పెట్రోలియం, ఎలక్ట్రికల్ చదివి ఫీల్డు పనిలో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. పశ్చిమ టెక్సాస్‌లో మిడ్‌ల్యాండ్, ఒడెస్సాల చుట్టూ చమురు బావులు, స్వీట్‌వాటర్ వైపు గాలిమరలు. అక్కడ హైవే దిగితే ఇక కాలీచీ అనే సున్నపు మట్టి పరిచిన దారులే. ఎండితే దుమ్ము, వాన పడితే జారుడు, మధ్యమధ్యలో పదునైన రాళ్లు. అలాంటి చోటికి సొంత జీపులోనో పికప్పులోనో వెళ్లేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు రిమ్ములు మార్చాల్సి వస్తుంది.

స్టీలా, అల్లాయా అని నన్నడిగితే ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. రిమ్ము దెబ్బతిన్న రోజున మీరెక్కడుంటారు? టైర్ల షాపుకు పది నిమిషాల దూరంలోనా, ఫోన్ సిగ్నల్ అందని, చమురు బావికి వెళ్లే లీజు రోడ్డు మీదా?

రాయికి బలంగా తగిలితే స్టీలు అంచు సొట్టపోతుంది. టైరు నుంచి గాలి మెల్లగా దిగుతుంది. సుత్తితో అంచును మళ్లీ సాపు చేసి, కంప్రెసరుతో గాలి కొట్టుకుని, నిదానంగా రోడ్డెక్కవచ్చు. అల్లాయ్ రిమ్ముల్లో ఎక్కువగా వాడే పోత అల్యూమినియం చిన్నాచితకా దెబ్బలను బాగానే ఓర్చుకుంటుంది. హద్దు దాటిన దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది, అక్కడ సుత్తి పనికిరాదు. పగులుకు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని కొందరంటారు. ఆ వేడికి చుట్టుపక్కల లోహం గట్టిదనం తగ్గిపోతుంది, మనుషుల్ని మోసే బండికి అలాంటి రిమ్ము వద్దు. ఒత్తిడితో మలిచే ఫోర్జ్‌డ్ అల్యూమినియం సంగతి వేరు. తేలిక, దృఢం, పోత రకంలా పెళుసు కాదు, కానీ ధర స్టీలుకు కొన్ని రెట్లు ఉంటుంది. రోజూ దెబ్బలు తినే బండ్లకు కంపెనీలు ఏమిస్తున్నాయో గమనించండి. పోలీసుల కోసం ఫోర్డ్ చేసే ఇంటర్‌సెప్టర్, పనివాళ్ల కోసం చేసే ఎఫ్-150 ఎక్స్ఎల్ స్టీలు రిమ్ములతోనే వస్తాయి.

స్టీలుకున్న లోపం బరువు. 17 అంగుళాల స్టీలు రిమ్ము సుమారు 30 నుంచి 35 పౌండ్లు తూగుతుంది, పోత అల్యూమినియందైతే 22 నుంచి 28. బరువు పెరిగితే బ్రేకు మీదా సస్పెన్షన్ మీదా భారం పడుతుంది, బండి పెట్రోలూ కొంత ఎక్కువ తాగుతుంది. అయితే చాలామంది మరిచిపోయే సంగతి టైరు బరువు. 33 అంగుళాల ఇ-రేంజ్ టైరు ఒక్కటే 60 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. సి-రేంజ్ నుంచి ఇంకా ఎక్కువ బరువు మోసే ఇ-రేంజ్‌కు మారితే అల్లాయ్‌తో మిగుల్చుకున్న బరువంతా అక్కడే పోతుంది. అందుకే టైరు ముందు ఎంచుకోండి, రిమ్ము తర్వాత.

కొనేముందు డ్రైవరు తలుపు తెరిచి, ద్వారబంధం మీద అంటించిన లేబుల్ చదవండి. ఒక్కో యాక్సిల్ ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. వెనక యాక్సిల్‌కు 4,000 పౌండ్లని ఉంటే ఒక్కో రిమ్ము కనీసం 2,000 పౌండ్లు మోసేది కావాలి. ఆ అంకె రిమ్ము మీద అచ్చయి ఉండాలి. లేకపోతే ఎంత చవకైనా కొనకండి. బోల్టుల అమరికా సరిపోవాలి. ఇప్పటి జీప్ రాంగ్లర్‌కు 5x127 (ఐదు బోల్టులు, 127 మి.మీ. వృత్తం), టొయోటా టకోమాకు 6x139.7. నట్లు కూడా రిమ్ముకు తగినవే వాడాలి. టొయోటా కంపెనీ అల్లాయ్ రిమ్ములకు వాషరున్న నట్లొస్తాయి, స్టీలు వాటికి కోనుగా ఉన్నవి కావాలి. ఒకదానివి ఇంకోదానికి బిగిస్తే దారిలో వదులవుతాయి. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే బిగించి, 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ చూసుకోండి. 2008 మోడల్ నుంచి ప్యాసింజరు బండ్లన్నిటికీ టైరులో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి, కాబట్టి సెన్సర్ల ఖర్చూ లెక్కలో వేసుకోండి. స్పేరుతో కలిపి ఐదు రిమ్ములు కొనాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి స్పేరు టైరు సైజు తేడాగా ఉంటే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పెయింటు లేచిన చోట స్టీలు తుప్పు పడుతుంది. అల్యూమినియానికీ తప్పించుకునే దారి లేదు. టైరు కూర్చునే అంచు దగ్గర తెల్లగా పొడి కట్టి గాలి కారుతుంది, ఒక్కోసారి రిమ్ము హబ్‌కు అతుక్కుపోయి రాదు. హబ్ ముఖానికి అతుక్కోకుండా ఉంచే యాంటీ-సీజ్ పల్చగా పూయించండి, బోల్టుల మరలకు మాత్రం వద్దు. బురదలో తిరిగొచ్చాక రిమ్ము లోపలి గిన్నెను నీళ్లతో కడగండి. అక్కడ గడ్డ కట్టిన మట్టితో హైవే ఎక్కితే స్టీరింగ్ వణుకుతుంది.

నా మాటైతే ఇది. పని రోజుల్లో ఎక్కువ భాగం రాళ్లలో, మట్టిలో గడిచేవాళ్లకు స్టీలు. వారంలో నాలుగు రోజులు హైవే మీదుండి ఒకరోజు సైటుకెళ్లేవాళ్లకు బరువు రేటింగు సరిపోయిన మంచి అల్లాయ్.

ఇక డబ్బు సంగతి. జీతం మీద పనిచేసేవాళ్లు సొంత బండికి పెట్టిన ఖర్చును 2018 నుంచి ఫెడరల్ పన్నులో మినహాయించుకోలేరు. సొంతంగా కాంట్రాక్టు చేసేవాళ్లు మైలుకింత చొప్పున లెక్క చూపిస్తే టైర్లూ రిమ్ములూ అందులోనే కలిసిపోతాయి, వేరుగా చూపడం కుదరదు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్‌లలో పని కోసం పెట్టిన అవసరమైన ఖర్చు యజమాని తిరిగివ్వాలని చట్టం ఉంది. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు, అక్కడ మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందమే ఆధారం. కాబట్టి రిమ్ములు ఆర్డరు పెట్టే ముందే మేనేజరును అడిగి, ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.