హెచ్.ఐ.వి. పరీక్ష – భయం ఎందుకు?



హెచ్.ఐ.వి. అనేది మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని తగ్గించే వైరస్. ఇది రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఇంకొకరికి వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు – ఈ దారుల్లోనే వస్తుంది. కలిసి తిన్నా, ఒకే ఊట నీళ్ళు తాగినా, దోమ కుట్టినా రాదు.

మనిషిని చూసి ఉందో లేదో చెప్పలేం. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ముందు కౌన్సిలర్ అన్నీ వివరిస్తారు. మనం సరే అంటేనే రక్తం తీస్తారు. ఫలితం వచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతారు. 18 ఏళ్ళలోపు వాళ్ళకైతే పెద్దల అనుమతి కావాలి. వైరస్ సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు. అనుమానం ఉంటే 3 నెలలకు మళ్ళీ చేయించుకోవాలి.

కడుపుతో ఉన్న మా వదినకు ఈ పరీక్ష చేయించుకోమన్నారు. "నేనేం తప్పు చేశాను? సంతలో అందరికీ తెలిస్తే ఎలా?" అని ఆమె వెళ్ళనంది. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ ఇది తప్పు చేసినవాళ్ళకు చేసే పరీక్ష కాదు. తల్లికి ఉన్నట్టు ముందే తెలిస్తే, మందులతో బిడ్డకు రాకుండా చాలావరకు ఆపవచ్చు. ఈ మాట చెప్పాక వదిన మా అమ్మను తోడు తీసుకుని వెళ్ళింది. ఫలితం ఏమిటని నేను అడగలేదు. అది వదిన సొంత విషయం.

2017 చట్టం ప్రకారం ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. ఈ వైరస్ ఉందని బడిలోంచి, పనిలోంచి తీసేయకూడదు. వ్యాధి పూర్తిగా పోదు గానీ, రోజూ మందులు వేసుకుంటే అందరిలాగే చాలా ఏళ్ళు బతకవచ్చు. ప్రభుత్వం 2004 నుంచి ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. సందేహాలుంటే 1097కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతులు మన వాళ్ళకు చెబుదాం.

భయపడితే ముప్పు – తెలుసుకుంటే మేలు!

– 9వ తరగతి విద్యార్థిని