అరచేతిలో కొవ్వు గడ్డ: కోసే ముందు తేల్చుకోవలసింది

వీపు మీదో భుజం మీదో కొవ్వు గడ్డ ఉన్నవారు దాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా సాధారణంగా నష్టం ఉండదు. వైద్యులు లైపోమా అని పిలిచే ఈ గడ్డ క్యాన్సర్ కాదు. పలుచని పొరలో ఒదిగిన మామూలు కొవ్వు కణాల ముద్ద మాత్రమే. అరుదుగా ఇదే గడ్డ అరచేతి లోతుల్లో పెరుగుతుంది. నాడులు, స్నాయువులు, రక్తనాళాలు కిక్కిరిసి ఉండే ఆ చోట కొత్తగా వచ్చినదానికి జాగా లేదు.

అరచేతి చర్మం కింద దళసరి పొర ఉండటంతో లోతుగా ఉన్న గడ్డ త్వరగా పైకి ఉబ్బదు. వాపు కంటే ముందు తిమ్మిరే కనిపించవచ్చు. మణికట్టు దగ్గర మీడియన్ నాడి నలిగితే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి. అల్నార్ నాడి నలిగితే చిటికెన వేలు. దీన్ని మామూలు కార్పల్ టన్నెల్ సమస్యగా పొరబడే అవకాశం ఎక్కువ.

చీకటి గదిలో గడ్డకు టార్చి లైటు ఆనించి చూడటం పాత పద్ధతి. ద్రవం నిండిన గాంగ్లియాన్ అయితే వెలుగుతుంది, కొవ్వు గడ్డ అంత స్పష్టంగా వెలగదు. అయితే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోలేం. గడ్డలో ఉన్నది ద్రవమా, ఘనపదార్థమా అన్నది అల్ట్రాసౌండ్ చెబుతుంది. ఎంఆర్ఐలో లైపోమా అచ్చం చర్మం కింది కొవ్వులాగే కనిపిస్తుంది, కొవ్వు సంకేతాన్ని అణచివేసి తీసిన చిత్రంలో నల్లబడుతుంది. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోపల మందమైన గోడలు ఉన్నా, కొవ్వు కాని భాగం కనిపించినా లైపోసార్కోమా అనే క్యాన్సర్‌ను అనుమానించాలి. అప్పుడు ముక్క తీసి పరీక్షిస్తారు. కణాల్లో ఎండీఎం2 జన్యువు ప్రతులు బాగా పెరిగి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

ఎంఆర్ఐ పట్టించే మరో సంగతి ఇంకా ముఖ్యం. కొందరిలో, ఎక్కువగా పిల్లల్లో, యువతలో, కొవ్వు నాడి పక్కన కాక నాడి లోపలే, దాని పోగుల మధ్య పెరుగుతుంది. అడ్డంగా తీసిన చిత్రంలో అది తీగల కట్టలా ఉంటుంది. దీని పేరు లైపోఫైబ్రోమాటస్ హమార్టోమా. లైపోమా అనుకుని కోసి తీస్తే నాడి కూడా పోతుంది. అందుకే దాన్ని తీయకుండా, పైన బిగుసుకున్న కట్టును మాత్రం కోసి ఒత్తిడి తగ్గిస్తారు.

అసలైన లైపోమా అయితే చేతికి రక్తప్రవాహం తాత్కాలికంగా ఆపి, భూతద్దాల కళ్లజోడుతో చూస్తూ ముందు నాడులను గుర్తించి పక్కకు తప్పిస్తారు. ఆ తర్వాత గడ్డను పొరతో సహా వెలికి తీసి ల్యాబ్‌కు పంపుతారు. పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు. తిమ్మిరి మొదలైన కొత్తలోనే చికిత్స జరిగితే స్పర్శ చాలావరకు తిరిగి వస్తుంది. బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోయే దాకా ఆగితే మాత్రం, గడ్డ పోయినా చొక్కా గుండీ పెట్టుకునే పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.