డ్యూటీ దిగాక లొకేషన్ ఎవరిది?

ప్రశ్న: పోర్టు నుంచి సరుకు తోలే ట్రైలర్ డ్రైవర్‌ని. బండికి జీపీఎస్ ఉంది. అది చాలదన్నట్టు యజమాని నా సొంత ఫోన్లో కూడా లొకేషన్ యాప్ వేయించారు. సెలవు రోజున అమ్మను విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్తే ‘అక్కడేం పని?’ అని మెసేజ్ పెట్టారు. యాప్ తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డ్యూటీలో బండి ఎక్కడుందో తెలుసుకోవడం యజమాని అవసరం. సెలవు రోజున మీరెక్కడున్నారన్నది మీ సొంత విషయం.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. బెయిలు పొందిన నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన లొకేషన్‌ను దర్యాప్తు అధికారికి తెలపాలన్న షరతును 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో కొట్టేసింది. అయితే ఈ తీర్పులు ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి.

ప్రైవేటు యజమానులకూ వర్తించేలా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఉద్యోగ అవసరాలకైతే మీ సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చని అందులోనే ఉంది. సరుకు చోరీ కాకుండా బండిపై నిఘా దాని కిందికి వస్తుంది. కేజీహెచ్ ప్రయాణం రాదు. దానికి మీరు ఇష్టపడి ఇచ్చిన సమ్మతి కావాలి. నోటీసు తెలుగులో కోరవచ్చు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కానీ యజమానిపై ఈ బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2027 మేలోనే.

లొకేషన్ డేటాయే చెడ్డదనుకోకండి. తుపాను వేళ మన ఫిషింగ్ హార్బర్ బోట్లకు అవి ఎక్కడున్నాయో తెలిపే ట్రాన్స్‌పాండర్లే దిక్కు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు చూస్తున్నారన్నదే ప్రశ్న.

ప్రస్తుతం చేయాల్సిందిది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. డ్యూటీ దిగాక ఫోన్ సెట్టింగుల్లో యాప్‌కి లొకేషన్ అనుమతి ఆపేస్తానని యజమానికి రాసిచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. పనిలోంచి తీసేస్తానని బెదిరిస్తే కార్మిక శాఖ అధికారిని కలవండి. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. నోటిమాటతో మాత్రం సరిపెట్టుకోకండి.