వానలకు ముందే ట్యాంకు మూత వాషరు

గట్టి వాన కురిసిన మర్నాడు మెకానిక్ షెడ్ల ముందు నిలబడే బండ్లలో పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లే ఎక్కువ. కిక్కు కొట్టగా కొట్టగా స్టార్టవుతాయి, వీధి చివరికి వెళ్లేసరికి ఆగిపోతాయి. ప్లగ్గు తుడుస్తారు, కార్బురేటరు విప్పి కడుగుతారు, డబ్బు తీసుకుని పంపేస్తారు. మళ్లీ వాన పడితే మళ్లీ అదే కథ. నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చూడకుండా కార్బురేటరు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. చాలా పాత బండ్లలో ఆ దారి ట్యాంకు మూత కింది రబ్బరు వాషరే. పాలు పోసేవారికి, పార్శిళ్లు అందించేవారికి, ఊరూరా తిరిగి వాయిదాలు వసూలు చేసేవారికి బండి ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్టే. ఈ వాషరు మార్చడానికి పట్టేది అరగంట. రబ్బరు ఒక్కటే దొరికితే టిఫిన్ ఖర్చుతో పని అయిపోతుంది.

వాషరు పోయిందని తెలుసుకోవడం కష్టం కాదు. ఫుల్ ట్యాంకుతో సడెన్ బ్రేకు వేస్తే మూత చుట్టూ తడి కనిపిస్తుంది, ప్యాంటు మీద చుక్కలు పడతాయి. రాత్రి బండిని వరండాలో పెడితే తెల్లారేసరికి ఇల్లంతా పెట్రోలు వాసన కొడుతుంది. మూత చుట్టూ రంగు వెలిసి, పొరలుగా లేస్తుంది. మూత తెరిచి రబ్బరును వేలితో నొక్కండి. గోరు దిగనంత గట్టిగా ఉన్నా, అంచుల్లో సన్నని పగుళ్లున్నా, ఒకే చోట గాడి పడినా దాని ఆయుష్షు తీరినట్టే.

ఇప్పటి పెట్రోలు ఈ పాత రబ్బర్లకు పెద్దగా పడదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దేశమంతటా వచ్చేసింది. అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేయని రబ్బరు అందులో నాని ఉబ్బుతుంది, ఆరాక బిరుసెక్కుతుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం కూడా ఉంది. కొద్దిపాటి తేమను తనలో కలుపుకుని ఇంజన్లోకి తీసుకెళ్లిపోతుంది. నీళ్లు మోతాదు మించితే మాత్రం ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. రిజర్వులో పడగానే బండి మొరాయించేది అందుకే. అనుమానముంటే కార్బురేటరు గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కొంచెం పెట్రోలును గాజు సీసాలోకి పట్టి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకులో నీళ్లున్నట్టే.

వాషరు కొనేటప్పుడు బండి పేరు, తయారైన ఏడాది చెప్పడంతో సరిపెట్టకండి. పాతది జేబులో వేసుకుని వెళ్లి, కొత్తదానితో పక్కపక్కన పెట్టి మందం, వెడల్పు సరిచూడండి. మందం ఎక్కువైతే మూత పడదు, తక్కువైతే మార్చీ ప్రయోజనం లేదు. కొన్ని మోడళ్లకు రబ్బరు విడిగా రాదు, మొత్తం మూత కొనాల్సిందే. అప్పుడు మూతకొక తాళంచెవి, ఇగ్నిషన్‌కొక తాళంచెవి అవుతాయి. అది చికాకనిపిస్తే లాక్ సెట్ అడగండి, ధర ఎక్కువే. కంపెనీ ఇచ్చిన బండి అయితే ముందు సూపర్‌వైజరుకు మెసేజ్ పెట్టి, బిల్లు దాచుకోండి.

మన దగ్గర కొన్ని చిట్కాలు చెలామణీలో ఉన్నాయి. సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి పెట్టడం ఒకటి. ట్యూబు రబ్బరు గాలికి పనికొస్తుంది గానీ పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గమ్ము పూయడం రెండోది. అది పెట్రోలులో వదులై, తునకలుగా ఊడి కార్బురేటరు జెట్టుకు అడ్డం పడుతుంది. మూడోది, అందరూ చేసేది, మూత కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించడం. ట్యాంకులో పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతలో సన్నని రంధ్రం పెడతారు. కవరు దాన్ని మూసేస్తుంది. కొంత దూరం బాగానే పోయిన బండి పెట్రోలు అందక ఆగిపోతుంది. మూత తెరవగానే ‘సుస్సు’మని గాలి లోపలికి పోయి, మళ్లీ స్టార్టయితే తప్పు ఇంజన్‌ది కాదు.

ఇక పని. ఇంజను చల్లారాక, ఆరుబయట, ట్యాంకులో సగం కన్నా తక్కువ పెట్రోలున్నప్పుడు మొదలుపెట్టండి. దగ్గర్లో బీడీ, పొయ్యి, దీపం ఏవీ ఉండకూడదు. ముందుగా ట్యాంకు నోట్లో పీచు రాలని పెద్ద గుడ్డ కుక్కండి. ఇది మరచి స్క్రూ లోపల పడేసుకున్నవాళ్లు చివరికి ట్యాంకు దింపాల్సి వస్తుంది. కొన్ని మూతల్లో వాషరు గాడిలో ఊరికే కూర్చుని ఉంటుంది, వేలితో లాగితే వచ్చేస్తుంది. కొన్నిటికి అడుగున రెండు మూడు చిన్న స్క్రూలతో రేకు బిగించి ఉంటుంది, దాని వెనక స్ప్రింగు ఉంటుంది. విప్పేముందే ఫోన్లో ఫోటో తీసుకోండి, రేకును అరచేత్తో అదిమిపట్టి నెమ్మదిగా వదలండి. తాళం జోలికి పోకండి. గాడిని, ట్యాంకు నోటి అంచును శుభ్రంగా తుడవండి. అంచు తుప్పు పట్టి గరుకుగా ఉంటే ఎంత కొత్త వాషరైనా అతకదు. గుడ్డ అలాగే ఉంచి సన్న ఎమరీ కాగితంతో రుద్ది, పొడి మొత్తం తుడిచాకే గుడ్డ తీయండి. కొత్తదాన్ని పాతది ఏ వైపు తిరిగి ఉందో అదే వైపు పెట్టండి. గ్రీజు పూయొద్దు, అది పెట్రోలులో కరిగిపోతుంది.

మూత చేతిలో ఉండగానే గాలి రంధ్రంలోకి టైరు పంపుతో గాలి కొట్టండి. నోటితో ఊదకండి, పెట్రోలు లోపలికి పోతుంది. ఆ తర్వాత మెకానిక్కులు కూడా పట్టించుకోని చోటు ఒకటి చూడాలి. ట్యాంకులోకి దిగి ఉండే మూతైతే దాని చుట్టూ ఉన్న పల్లంలో ఒక చిన్న కన్నం ఉంటుంది. అక్కడ చేరిన వాన నీరు ఆ కన్నంలోంచి సన్న పైపు ద్వారా కిందకు పోవాలి. దుమ్ము, ఆకుల చెత్త అడ్డుపడితే మూత చుట్టూ నీళ్లు నిలిచి, గంటల తరబడి వాషరు మీదే ఉంటాయి. పాత క్లచ్ వైరులోంచి ఒక పోగు తీసి కన్నంలోకి నెమ్మదిగా తోయండి. అది తెరుచుకున్నాక మూత బిగించి, పల్లంలో గ్లాసుడు నీళ్లు పోయండి. నీళ్లు బండి కింద కారాలి. పల్లం తుడిచి మూత తెరిస్తే నోటి లోపలి గోడ పొడిగా ఉండాలి.

వాషరు మార్చాక కూడా రెండు జాగ్రత్తలు అవసరం. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపును నేరుగా మూత మీద పెట్టనివ్వకండి. వేసవిలో మెడ దాకా పెట్రోలు నింపకండి. 10 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 140 మిల్లీలీటర్లు పెరుగుతుంది. బంకు భూగర్భ ట్యాంకులోంచి చల్లగా వచ్చిన పెట్రోలును మే నెల ఎండలో నిలబెడితే, ఆ పెరిగినది వాషరును తోసుకుని బయటికి వస్తుంది.

ఇంత చేసినా కారుతుంటే ట్యాంకు నోరే వంకర పోయి ఉండొచ్చు. బండి పడినప్పుడు అలా జరుగుతుంది. అది టింకరింగ్ వాళ్ల పని, మీరు సుత్తి పట్టకండి. అక్కడ వెల్డింగ్ మాట వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. పెట్రోలు వంపేసి ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, దాని నిండా ఆవిరే ఉంటుంది. ట్యాంకును బండి నుంచి దింపి, బాగా కడిగి, ఆవిరంతా పోయేదాకా నిప్పు దగ్గరికి రానివ్వకండి. అలా చేయకుండా ‘ఒక్క నిమిషం పని’ అంటూ టార్చి వెలిగించే షెడ్డులో బండి పెట్టొద్దు.