ఉమ్మడి దస్త్రముల భద్రత: సర్వరు వ్యవస్థల తారతమ్యము

గ్రామ పరిపాలనకు దస్త్రములే ఆధారము. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, తీర్మానముల పుస్తకము, జనన మరణముల నమోదు, పనుల కొలతల పుస్తకము, వీనిలో ఏ ఒక్కటి చెడినను నష్టపోవువారు గ్రామస్థులే. నలుబది యేండ్ల తరువాత ఒక పౌరుడు తన జనన నమోదు ప్రతి కొరకు వచ్చినపుడు ఆ కాగితము దొరకవలెను గదా!

పూర్వము ఊరి లెక్కలు కరణముగారి పెట్టెలో నుండెడివి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ ఉద్యోగములు రద్దయినవి. నేడు లెక్కలు కంప్యూటరులలో చేరుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఇ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు దూరముననున్న సర్వరులలో నమోదగుచున్నవి. అయినను అర్జీలు, పనుల ఛాయాచిత్రములు, పాత రిజిస్టర్ల ప్రతులు మొదలైనవి కార్యాలయములోని యంత్రములలోనే యుండవచ్చును. వానిని పలువురు కలిసి వాడుకొనుటకు ఒక సర్వరు కావలెనను ప్రతిపాదన సభ ముందునకు వచ్చినచో, సభ్యులు ఏయే విషయములను విచారింపవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

సర్వరు అనగా నేమి?

ఇతర కంప్యూటరులు అడిగిన దస్త్రములను అందించుచు, అవి పంపిన దస్త్రములను భద్రపరచు కంప్యూటరునకు సర్వరు అని పేరు. దానిని నడుపు ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. అమెరికాలోని నోవెల్ కంపెనీవారు 1983లో వెలువరించిన నెట్‌వేర్ అను వ్యవస్థ చాల సంవత్సరములు కార్యాలయములలో ప్రసిద్ధి గాంచినది. 2010లో కంపెనీవారు దానికి సాధారణ సహాయమును నిలిపివేసిరి. ఎంత పేరుగన్న వ్యవస్థయైనను ఒకనాటికి మరుగున పడును. కావున దస్త్రములను మరియొక వ్యవస్థకు సులభముగా మార్చుకొనుటకు వీలుండవలెను.

నేడు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. ఒకటి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్. ఇది 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. సంతతికి చెందినది. రెండవది లైనక్స్. దీనిని 1991లో ఫిన్లండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను.

దస్త్రములను పంచుకొను విధము

విండోస్ యంత్రములు దస్త్రములను ఇచ్చిపుచ్చుకొను పద్ధతికి ఎస్.ఎమ్.బి. అని పేరు. యూనిక్స్ కుటుంబములోని యంత్రములు సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో ప్రవేశపెట్టిన ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిని వాడుట పరిపాటి. అయితే లైనక్స్ సర్వరు కూడ ఎస్.ఎమ్.బి. పద్ధతిని అనుసరింపగలదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92లో ప్రారంభించిన సాంబా అను ప్రోగ్రాము ఇందుకు సాధనము. కావున బల్లలపై నున్నవన్నియు విండోస్ యంత్రములైనను, సర్వరు కూడ విండోసే కావలెనను నియమము లేదు.

ఎవరికి ఏ అధికారము?

సర్వరులో పెట్టిన ప్రతి దస్త్రమును అందరును తెరువరాదు. తెరచిన వారందరును మార్చరాదు. విండోస్ సర్వర్‌లోని ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఒక్కొక్క వ్యక్తికి, ఒక్కొక్క బృందమునకు చదువుట, వ్రాయుట, తొలగించుట మొదలగు అధికారములను వేరువేరుగా నీయవచ్చును. లైనక్స్‌లో సంప్రదాయముగా యజమాని, బృందము, ఇతరులు అను మూడు వర్గములే కలవు. అంతకు మించిన వివరము కావలసినచో ప్రత్యేక అధికార పట్టికను జతపరుపవచ్చును.

ఉదాహరణకు, పన్ను రిజిస్టరును బిల్లు కలెక్టరు వ్రాయవచ్చును. ఇతర ఉద్యోగులు చదువవచ్చును. సభ ఆమోదించిన తీర్మానమును మాత్రము ఎవ్వరును మార్చరాదు. ఈ ఏర్పాటు రెండు వ్యవస్థలలోను సాధ్యమే. ఒక్కొక్కరికి ఇంత స్థలమని పరిమితి విధించుటయు రెండింట కలదు. ఆ పరిమితి లేనిచో, ఒకరు నింపిన వీడియోల వలన మరియొకరి రిజిస్టరునకు చోటు లేకపోవును.

డిస్కు చెడినచో?

డిస్కులు ఏనాటికైనను చెడును. అందుచేత ఒకే విషయమును రెండు డిస్కులపై ఏకకాలమున వ్రాయుదురు. నాలుగు టెరాబైట్ల డిస్కులు రెండు కొని ఇట్లు జతపరచినచో లభించు స్థలము నాలుగు టెరాబైట్లు మాత్రమే. అట్టివే నాలుగు డిస్కులను రెయిడ్-5 పద్ధతిలో కూర్చినచో పండ్రెండు టెరాబైట్లు లభించును. వానిలో ఒకటి చెడినను విషయము నిలుచును. ఇట్టి కూర్పునకు రెండు వ్యవస్థలలోను ఏర్పాట్లు కలవు.

చెడినట్లు తెలియకుండనే డిస్కుపై అక్షరములు మారిపోవుట మరియొక ప్రమాదము. సన్ కంపెనీవారు 2005లో బయటపెట్టిన జెడ్.ఎఫ్.ఎస్. పద్ధతి ప్రతి భాగమునకు ఒక పరీక్షాంకమును కట్టి, చదువునపుడు సరిచూచును. మంచి ప్రతి వేరొకటి యున్నచో దానితో సరిదిద్దును. ఇది నేడు లైనక్స్‌పై కూడ లభించుచున్నది. మైక్రోసాఫ్ట్ వారు 2012లో తెచ్చిన రె.ఎఫ్.ఎస్. పద్ధతిలోను ఇట్టి పరీక్ష కలదు. దస్త్రములలోని విషయమునకు అది ఐచ్ఛికము.

నిన్నటి ప్రతి దొరకునా?

జంట డిస్కులను చూచి నిశ్చింతగా నుండరాదు. పొరపాటున ఒక దస్త్రమును తొలగించినచో అది రెండింటినుండియు ఒక్క క్షణముననే పోవును. ఇందుకు విరుగుడుగా విండోస్‌లో 2003 నుండి పంచుకొన్న దస్త్రముల పాత ప్రతులను తెరువు సౌకర్యము కలదు. లైనక్స్‌లో జెడ్.ఎఫ్.ఎస్., బి.టి.ఆర్.ఎఫ్.ఎస్. పద్ధతులు ఆ పనిని చేయును.

ఆ పాత ప్రతులు కూడ అదే యంత్రములో నున్నవని మరువరాదు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము విండోస్‌లోని పాత ఎస్.ఎమ్.బి. లోపము ద్వారా అనేక దేశములలో వ్యాపించి, దస్త్రములకు తాళము వేసి సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటరులును దీని బారిన పడినవి. లోపమును సవరించు ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు మాసములకు ముందే విడుదల చేసి యుండెను. సవరణలను వెంటనే చేర్చుట, వేరొక భవనములో వేరొక ప్రతిని ఉంచుట, దానినుండి దస్త్రములను తిరిగి తీసి చూచుట, ఈ మూడును ఏ వ్యవస్థకైనను తప్పనిసరి.

ఏది ఎన్నుకొనవలెను?

విండోస్ సర్వర్‌కు లైసెన్సు కొనవలెను. దానిని వాడు వ్యక్తులకు గాని యంత్రములకు గాని వేరుగ అనుమతులు కొనవలెను. లైనక్స్ రకములలో అనేకములు ఉచితముగా లభించును. కాని నడపగల నేర్పరి కావలెను. చిన్న కార్యాలయపు అవసరములకు రెండును చాలును. కావున వ్యవస్థ పేరు కంటె దానిని కనిపెట్టి యుండు మనిషియే ముఖ్యము. పిలిచిన మరునాటికి రాగల నిపుణునకు ఏది తెలియునో దానినే ఎన్నుకొనుట మేలు.

సభలో అడుగవలసిన ప్రశ్నలు

1. ఏ దస్త్రమును ఎవరు చదువుదురు, ఎవరు మార్చుదురు?
2. ఒక డిస్కు చెడినచో పని ఆగునా?
3. గత వారపు ప్రతిని తిరిగి పొందగలమా?
4. వేరొక భవనములోని ప్రతిని చివరిసారి ఎప్పుడు పరీక్షించిరి?
5. సవరణలు చేర్చు బాధ్యత ఎవరిది?

ఈ అయిదింటికి తృప్తికరమైన సమాధానము లభించిన పిమ్మటనే కొనుగోలునకు ఆమోదము తెలుపుట సభ్యుల ధర్మము.