బిడ్డకు ఆ సిగ్గు నేర్పిందెవరు?

సమస్య:

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. రెండో కాన్పుకు తోడుగా ఉండమంటే విజిటర్ వీసా మీద వచ్చాను. మావారికి షుగర్ ఉంది. ఊళ్లోనే మా మరిది వాళ్లింట్లో ఉంటున్నారు.

ఇక్కడ మనవాళ్లు నడుపుకునే ఆదివారం తెలుగు బడి ఒకటి ఉంది. మా మనవరాలు అక్కడ చదువుతోంది. టీచర్లంతా వారమంతా ఉద్యోగాలు చేసుకుని, ఆదివారం ఉచితంగా చెప్పేవాళ్లే. ఒక వారం టీచరు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. ఏడు చేపల కథ మొదలుపెట్టాను. చేతిలో పుస్తకం లేదు కదా, మా ఊరి మాటే వచ్చేసింది. కథ మధ్యలో నేను ఆగితే చాలు, పిల్లలంతా "గప్పుడేమైంది అమ్మమ్మా?" అని ఒకటే అరుపు. నా సర్వీసు మొత్తంలో అంత సంతోషంగా పాఠం చెప్పిన రోజు లేదు. ప్రతి ఆదివారం రమ్మని బడి వాళ్లు అడిగారు.

బయట నిలబడ్డ తల్లిదండ్రులు కొందరు నవ్వారట. కారెక్కాక మా అమ్మాయి, "వచ్చే వారం నుంచి వద్దమ్మా. నీ మాట పిల్లలకు అంటుకుంటే అందరూ నన్నే అంటారు" అంది. పైగా ఆదివారం పసివాణ్ని చూసుకోవడానికి మనిషి కావాలి. అల్లుడు ఎటూ చెప్పడు. మావారు ఫోన్లో, "జీతం లేని కొలువు నీకెందుకు? మనవణ్ని ఎత్తుకొని కూర్చో" అంటారు.

నిజానికి అమ్మాయి మాటకు నాకు కోపం రాలేదు. బడిలో పిల్లలు ఇంటి మాట మాట్లాడితే "అది పుస్తకంలో లేదు" అని నేనూ దిద్దినదాన్నే. ఇంట్లో మా అమ్మాయినీ అలాగే పెంచాను. కానీ ఆ పిల్లల ముఖాలు మరిచిపోలేకపోతున్నాను. వెళ్లాలా, మానుకోవాలా?

- ఒక అమ్మమ్మ, డాలస్

సలహా:

టీచరమ్మా, మనవళ్ల కోసం అమెరికా వెళ్లి, అక్కడ పొద్దు పోక రాసే అమ్మమ్మల ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీదీ అలాంటిదేననుకున్నాను. చివరికొచ్చేసరికి మీరు తేలిగ్గా రాసేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఇంట్లో మా అమ్మాయినీ అలాగే పెంచాను." మీరు అడిగిన ప్రశ్న కంటే ఆ వాక్యమే పెద్దది. దాని కోసమే ఈ జవాబు.

ముందు చిన్న విషయాలు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు జీతం తీసుకుని పనిచేయకూడదు. ఉచితంగా చేసినా అది ఎలాంటి సంస్థ, ఏం పని అన్నది లెక్కలోకి వస్తుంది. కాబట్టి బడి వాళ్ల చేత ఒక ఇమిగ్రేషన్ లాయరును అడిగించి అడుగు వేయండి. బహుమతి పేరుతో ఇచ్చినా డబ్బు ముట్టుకోకండి. తిరిగి రావలసిన తేదీ దాటనివ్వకండి. పసివాడి సంగతంటారా, ఆదివారం ఆ కాసేపు కన్నతండ్రి చూసుకోవాలి. అల్లుణ్ని నేరుగా అడగండి. అడిగితే కాదనే మనిషిలా లేడు.

ఇక మీవారికి ఒక మాట. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి, తానా వాళ్ల పాఠశాల, గుళ్లలోనూ ఇళ్లలోనూ నడిచే చిన్న చిన్న బడులు, ఇవన్నీ నిలబడింది ఆ జీతం లేని కొలువు మీదే. వారమంతా ఆఫీసులో అలిసిపోయినవాళ్లు సెలవు రోజున అ, ఆలు దిద్దిస్తున్నారు. అలాంటిచోట జీవితమంతా పాఠం చెప్పిన మనిషి ఊరికే ఇంట్లో కూర్చోవడం న్యాయం కాదు.

ఇప్పుడు మిమ్మల్ని కోప్పడాలి.

మీ అమ్మాయికి తల్లి మాట అంటే సిగ్గు డాలస్‌లో పుట్టలేదు. ఆ పిల్ల పెరిగిన రోజుల్లో తెలుగు సినిమాలో మన తెలంగాణ మాట ఎక్కువగా రౌడీ నోట్లోనో, నవ్వించే పాత్ర నోట్లోనో వినపడేది. 'ఫిదా'లో హీరోయిన్ అదే మాట ధైర్యంగా మాట్లాడేసరికి 2017 వచ్చింది. 'బలగం' చూసి జనం కళ్లు తుడుచుకునేసరికి 2023 అయింది. అప్పటికే మీ అమ్మాయి చదువు ముగించి, విమానం ఎక్కి, సంసారంలో పడింది. బయట అన్ని చోట్లా చిన్నచూపు చూసిన మాటకు ఇంట్లోనైనా చోటు దొరకాలి కదా? ఇంట్లో తెలుగు టీచరైన తల్లే అది తప్పంది. ఇక ఆ పిల్ల ఎవరిని నమ్మాలి? ఆ రోజు కారులో మీ అమ్మాయి మీకు అప్పజెప్పింది మీరు నేర్పిన పాఠమే.

బడిలో మీరు దిద్దిన పిల్లలనూ ఒకసారి తలచుకోండి. దేవరకొండ చుట్టూ ఎన్ని తండాలున్నాయో మీకు తెలియనిది కాదు. ఆ పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు. సంతలోనూ బస్టాండులోనూ విని మన తెలుగు పట్టుకుంటారు. అంత కష్టపడి రెండో భాష నేర్చుకుని బడికొస్తే, అదీ తప్పేనన్నారు. అమ్మానాన్న పుణెకో ముంబైకో పనికి పోతే అవ్వ దగ్గర పెరిగే పాలమూరు పిల్లలకు మన బడుల్లో జరిగిందీ ఇదే. రాత దిద్దడం టీచరు పని, దాన్ని నేను కాదనను. పరీక్షకు పుస్తక భాష కావాలి, నేర్పాల్సిందే. నోటి మాటను తప్పన్నప్పుడు మాత్రం ఆ పిల్లవాడి తల్లినీ అవ్వనూ తప్పన్నట్టే. పిల్లలకు ఆ సంగతి వెంటనే అర్థమవుతుంది. మనకే ఆలస్యంగా అర్థమవుతుంది.

తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి తల దించుకోలేదు. 354 మంది కవులను వెతికి పట్టుకుని 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఆ కవులు రాసింది గ్రాంథికంలోనే కావచ్చు, కానీ మనవాళ్లను చూసి మనం సిగ్గుపడక్కర్లేదని ఆ పుస్తకం చాటింది. ఈ మధ్యే తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. అదే నేల మీద పుట్టిన గోరటి వెంకన్న ఇంటి మాటలోనే పాట కట్టి, 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చుకున్నారు. తెలుగు పండిట్‌కు ఇవి నేను చెప్పాలా?

సిగ్గుపడే ఈ జబ్బు ఒక్క మాటతో ఆగదు. మన ఇళ్లలో పిల్లలకు చదువుతోపాటు చిన్నచూపునూ నేర్పిస్తున్నాం. జొన్నరొట్టె తిన్నామని చెప్పొద్దంటాం. నాన్న మేస్త్రీ పని చేస్తాడంటే ఎవరేమనుకుంటారో అంటాం. ఊరి పేరు అడిగితే హైదరాబాద్ అనమంటాం. వాళ్లు పైకి రావాలనే చెబుతాం, నిజమే. కానీ ఎవరిని చూసి సిగ్గుపడాలో నేర్చుకున్న పిల్లలు ముందు పక్కింటివాళ్లను చూసి సిగ్గుపడతారు, తరువాత ఊరిని చూసి, ఆఖరికి మనల్ని చూసి. అప్పుడు పిల్లలు మారిపోయారని ఏడుస్తాం. వాళ్లేం మారలేదు, చెప్పిన మాట విన్నారు.

2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారనీ, నాలుగు లక్షలు దాటారనీ విని మనం మురిసిపోయాం. అంతటితో సరిపోదు, ఒకసారి మారిషస్ వైపు చూడండి. చెరకు తోటల్లో కూలికి 19వ శతాబ్దంలో ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువాళ్లు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు. బడిలో తెలుగు చదువుకుంటారు. కానీ చాలా ఇళ్లలో మాట్లాడుకునేది క్రియోల్. బడి అక్షరాన్ని నిలబెట్టగలదు. అన్నం పెడుతూ, జడ వేస్తూ, కోప్పడుతూ ఇంట్లో మాట్లాడే మాటను ఇంటివాళ్లే నిలబెట్టాలి. మీ మనవరాలి క్లాసు పిల్లలు ఆ రోజు అంతగా అరిచారంటే, వాళ్ల చెవిన ఒక ఇంటి మాట పడింది కాబట్టే.

చేయాల్సింది చెబుతాను. ఈ రాత్రే పసివాడు పడుకున్నాక బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. బడి సంగతి ఎత్తకండి. "నీ మాట తప్పని నేను చిన్నప్పుడు అన్న బిడ్డా. నాదే తప్పు" అనండి. పుస్తక భాషలో అనకండి, మన మాటలోనే అనండి. తల్లి నోట ఈ మాట వినాలని ఆ పిల్ల ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో. వెంటనే కరిగిపోకపోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. ఓపిక పట్టండి. అంత కాలం పాతుకున్నది ఒక్క రాత్రిలో పోదు.

తరువాత బడి వాళ్లను కలవండి. చదవడం, రాయడం, పరీక్షలు అక్కడి టీచర్లకే వదిలేసి, చిన్నపిల్లలకు కథ చెప్పే గంట ఒక్కటీ అడగండి. అందులో మిమ్మల్ని మించినవాళ్లు ఉండరు. ఒంటరిగా కూడా చేయకండి. డాలస్‌లో శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ ఉండకపోరు. వాళ్లలోనూ మీలాగే నోరు మూసుకుని కూర్చున్నవాళ్లుంటారు. అదే ఏడు చేపల కథను వారానికొకరు తమ ఊరి మాటలో చెప్పండి. తెలుగు ఒక్క తీరుగా ఉండదనీ, ఏ తీరూ తక్కువ కాదనీ పిల్లలు ఏ ఉపన్యాసం లేకుండానే తెలుసుకుంటారు. ఆ రోజు బయట నవ్విన తల్లిదండ్రులూ లోపలికొచ్చి వింటారు, ఎందుకంటే అప్పుడు వాళ్ల అమ్మ కూడా ఆ కుర్చీలో కూర్చుని ఉంటుంది.

దేవరకొండ తిరిగి వచ్చాక మీకు ఇంకో పని ఉంది. మీ ఊరి బడికి వెళ్లి, హెడ్మాస్టరును అడిగి, అదే కథ అదే మాటలో అక్కడి పిల్లలకూ చెప్పండి. డాలస్ పిల్లల కంటే వాళ్లకు మీరు ఎక్కువ బాకీ ఉన్నారు.

లాయరు సరేనంటే వచ్చే ఆదివారం తప్పకుండా వెళ్లండి. అమ్మాయి వద్దన్నా వెళ్లండి, కానీ చెప్పి వెళ్లండి, కుదిరితే తననూ వెంట తీసుకెళ్లండి.