ఎడ్జ్ గిటారు - మా చేను గుట్ట

మా చేను ఇల్లందు దగ్గర, అడవి అంచున ఉంది. మంచె మీంచి కేకేస్తే ఎదుటి గుట్ట తిరిగి కేకేస్తుంది. నాకు తొలి ఫిజిక్స్ మాస్టారు ఆ గుట్టే.

ఐర్లాండు బృందం 'యూ టూ' 1987లో తెచ్చిన 'ది జాషువా ట్రీ' మొదటి పాటలో ఎడ్జ్ గిటారు జలజలా రాలుతుంది. చేతివేగం కాదది, డిలే యంత్రం మహిమ. మీటిన స్వరాన్ని అది ముప్పాతిక దరువు ఆగి మళ్లీ పలికిస్తుంది. నిమిషానికి 120 దరువులైతే ఒక దరువు 500 మిల్లీసెకన్లు, ముప్పాతిక 375. దరువును నాలుగు పాళ్లు చేసి 1, 3 మీద మీటండి. ప్రతిధ్వనులు 4 మీద, తర్వాతి దరువులో 2 మీద పడతాయి. రెండు మీటులు నాలుగవుతాయి! ప్రతిధ్వని అసలు స్వరమంత గట్టిగా ఉండాలి, రెండు మూడుసార్లకే అణగాలి.

పత్తి అమ్మిన డబ్బుతో నాన్న గిటారు కొనిచ్చాడు. యంత్రం కూడా కావాలని ఏ మొహంతో అడగను? లెక్క వేశాను. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 0.375 సెకన్లలో పోయి రావాలంటే గుట్ట 64 మీటర్ల దూరంలో ఉండాలి. తెల్లవారుజామున అడుగులు కొలిచి నిలబడి, సెకనుకు నాలుగు చప్పట్లు కొట్టాను. నడుమ ఖాళీలన్నీ గుట్ట నింపింది.

"ఏందిరా, పొద్దుగాలనే పిట్టల్ని తోలుతున్నవా?" అన్నాడు నాన్న.

మిత్రులారా, యంత్రం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ముందు ఆ 375 చెవికెక్కాలి.